నూకకు విలువ: బియ్యపుపిండి రొట్టెలు, తాలికలు

మన జిల్లాలో వరి పండించు రైతు సోదరులు ధాన్యము తూచి అమ్మినతోడనే తమ పని ముగిసినదని తలచుచుందురు. ఆ ధాన్యము మరలో పడిన పిమ్మట ఎంత బియ్యమైనది, ఎంత నూకయైనది, ఆ నూక ఎవరి చేతికి ఏ ధరకు పోయినది అను విచారణ మనలో మిక్కిలి అరుదు. కాని అదే రైతు పట్నమునకు వచ్చినపుడు మద్దిలపాలెపు అంగడిలో అందమైన సంచిలో కట్టిన బియ్యపుపిండిని కొని యింటికి తీసికొనిపోవును. ఆ పిండిలో చాలవరకు నూకను విసరినదే. తాను చౌకగా విడిచిన సరకునే తాను మరల హెచ్చు ధరకు కొనుచున్నాడని అతడు గ్రహింపడు.

ఈ సంచికలో మేము రెండు సంగతులు చెప్పదలచితిమి. బియ్యపుపిండితో మన పెద్దలు చేయుచు వచ్చిన రొట్టెలు, తాలికలు మొదలగునవి చెడకుండ చేయు విధము మొదటిది. ఆ పనిని సహకార సంఘము చేపట్టినచో రైతు కుటుంబమునకు నిజముగా లాభము కలుగునా, లేదా అను లెక్క రెండవది. వంట స్త్రీల విషయము గదా, రైతుల పత్రికలో దీనికి చోటేల యని కొందరు అడుగవచ్చును. పండించుట యొకరి పని, వండుట యొకరి పని యని విడదీసినందుననే నడుమనున్న లాభము మూడవవానికి పోవుచున్నదని మా ప్రత్యుత్తరము.

నూక ఎట్లు పుట్టును?

ప్రభుత్వము వారు ధాన్యము కొని మరలకు ఇచ్చునపుడు 100 కిలోల ధాన్యమునకు 67 కిలోల పచ్చిబియ్యము రావలెనని నియమము. తక్కినది ఊక, తవుడు, చిట్టు. ఆ 67 కిలోలలో గింజ నిండుగా నున్నదెంత, విరిగినదెంత యనుదానిపై ధర యాధారపడి యుండును. గింజ మరలోనే విరుగునని చాలమంది నమ్మకము. నిజమునకు అది పొలములోను, కళ్ళములోనుగూడ సగము విరిగియే వచ్చును. పంట మితిమీరి ఎండువరకు కోయక యుంచినను, కోసిన పనలు పగలు ఎండి రాత్రి మంచుకు తడిసినను, గింజలో కంటికి కానరాని బీటలు పడును. అట్టి గింజ మరలో పడగానే రెండు ముక్కలగును.

కావున గింజలో తేమ 20 నుండి 22 శాతము ఉన్నపుడే కోయుట మంచిది. పిదప నూర్చిన ధాన్యమును పలుచగా పరచి, మాటిమాటికి తిరుగవేయుచు, నిదానముగా ఆరబెట్టవలెను. తీవ్రమగు ఎండలో ఒక్కదినముననే ఎండగొట్టరాదు. సాయంకాలము కాగానే కుప్పచేసి కప్పవలెను. కొనుగోలు కేంద్రములందు 17 శాతము వరకు తేమను అంగీకరింతురు. కాని నిలువచేయుటకును, మర పట్టించుటకును 14 శాతము ఉత్తమము. ఇంత జాగ్రత్త పడినను కొంత నూక తప్పక వచ్చును. ఆ వచ్చిన దానిని ఏమి చేయవలెననునదే మన ప్రశ్న.

నూక ధర రైతు చేతిలో లేదు. 2022 సెప్టెంబరు మాసమున కేంద్రప్రభుత్వము నూకల ఎగుమతిని నిషేధించెను. 2025 మార్చిలో ఆ నిషేధమును తొలగించెను. ఓడలు కదలినపుడొక ధర, ఆగినపుడొక ధర. తీరప్రాంతపు ధాన్యమునకు ఈ ఎగుడుదిగుడులు కొత్తవి కావు. కావున నూకలో కొంత భాగమునైన ఊరిలోనే వాడుకకు తెచ్చుకొనుట వివేకము.

బియ్యపుపిండి స్వభావము

గోధుమపిండిని నీటితో పిసికినపుడు అది సాగును. అందు గ్లూటెను అను మాంసకృత్తు జిగురువలె అల్లుకొని పిండిని పట్టి యుంచును. బియ్యములో ఆ గ్లూటెను లేదు. అందువలన చన్నీటితో తడిపిన బియ్యపుపిండి ముద్ద చేతిలో నిలుచును గాని, వత్తగానే అంచులు బీటలు వారును. గొట్టములో పెట్టి నొక్కిన తాలికలు తునుకలగును. ఇది పిండి దోషము కాదు, చేసినవారి చేతి దోషమును కాదు. దానికి కావలసిన ఉపాయము వేరు.

ఆ ఉపాయము మరుగు నీరు. బియ్యములోని పిండిపదార్థము సుమారు 70 డిగ్రీల వేడిమికి వచ్చునప్పటికి నీటిని పీల్చి ఉబ్బి జిగురగును. ఈ జిగురే గ్లూటెను చేయవలసిన పనిని చేయును. మేమొక గ్రామమున ప్రదర్శనము చేయుచుండగా, నీరు కాగినది చాలునని పిండి వేయబోయిన యువతిని ఒక వృద్ధురాలు ఆపి, మావంక తిరిగి, "నీళ్ళు తెర్లితేగాని పిండి మాట వినదు బాబూ" అనెను. పుస్తకములందు పుటలకొలది వ్రాసిన సంగతి ఆ యొక్క మాటలో నున్నది. నీరు గోరువెచ్చనగుటకును తెర్లుటకును నడుమనున్న భేదమే రొట్టె విరుగుటకును నిలుచుటకును నడుమనున్న భేదము.

బియ్యపు రకమునుబట్టియు ఫలము మారును. వండినపుడు అన్నము పొడిపొడిగా నుండు బియ్యములో అమైలోజు అను భాగము హెచ్చు. అట్టి బియ్యపు తాలికలు ఉడికిన పిదపగూడ విడివిడిగా నిలుచును. ముద్దగట్టు బియ్యము తాలికలకు పనికిరాదు. మారుటేరు పరిశోధన కేంద్రమునుండి 1982లో వెలువడిన స్వర్ణ, బాపట్లనుండి 1986లో వచ్చిన సాంబమసూరి మొదలగు రకముల నూకలు మన ప్రాంతమున సులభముగా దొరకును. రాగోలు కేంద్రమునుండి వచ్చిన శ్రీకాకుళ సన్నములును కలవు. ఏ రకమైనను కొత్త బియ్యముకంటె ఆరు మాసములు నిలిచినది రొట్టెలకు, తాలికలకు మేలు. పాతబియ్యము నీటిని ఎక్కువగా పీల్చును, తక్కువగా అంటుకొనును.

పిండి పట్టించు విధము

పిండి రెండు తెరగులు: పొడిపిండి, తడిపిండి. నూకలను చెరిగి, రాళ్ళు మట్టిబెడ్డలు ఏరి, అట్లే మర పట్టించినది పొడిపిండి. ఇది నిలువకు మంచిది. నూకలను కడిగి, నాలుగైదు గంటలు నాననిచ్చి, నీరు వంచి, శుభ్రమైన బట్టపై నీడపట్టున తడియారనిచ్చి, చేతికి తేమ తగులుచుండగనే దంచి జల్లించినది తడిపిండి. ఇది మెత్తగాను, తెల్లగాను ఉండును. గింజ నాని మెత్తబడియుండుటచే నలిగిపోవక విడిపోవును గనుక ముద్ద నునుపుగా వచ్చును. తాలికలకు తడిపిండియే శ్రేష్ఠము. కాని దానిని ఆ దినముననే వాడవలెను. మరునాటికి పులియును. నిలువచేయదలచినచో సన్నని సెగపై, రంగు మారకుండ, చేతిలో పట్టిన పిండి పొడిపొడిగా రాలువరకు వేయించి, పూర్తిగా చల్లారిన తరువాత మూత గట్టిగానున్న డబ్బాలో పోయవలెను. వేడి తగ్గకముందే మూయుదురేని లోపల చెమ్మ పట్టి బూజు పుట్టును.

మరలో మిరపకాయలు పట్టించిన వెంటనే బియ్యపుపిండి పట్టింపరాదను సంగతి ఇల్లాండ్రందరు ఎరుగుదురు. సంఘము మరను ఏర్పరచుకొన్నచో బియ్యపుపిండికి ప్రత్యేకముగ ఒక దినమును నియమించుకొనుట మేలు.

బియ్యపు రొట్టె

సోలెడు పిండికి సోలెడు నీరు. నీటిలో తగినంత ఉప్పు, చెంచాడు నూనె వేసి తెర్లనిచ్చి, పొయ్యి తగ్గించి, పిండిని ఒక్కమారుగ పోసి, తెడ్డుతో గిరగిర కలిపి, దింపి మూతపెట్టవలెను. పది నిమిషములు ఆగిన పిదప, చేయి ఓర్చుకొను వేడిమి యుండగనే, అరచేతిని తడిచేసికొనుచు బాగుగా మర్దింపవలెను. పూర్తిగా చల్లారిన తరువాత పిసికినచో జిగురు బిగిసి మరల బీటలు వారును. నిమ్మపండంత ఉండలు చేసి, తడిబట్టపైగాని, నూనె రాచిన అరిటాకుపైగాని పలుచగా తట్టి, కాగిన పెనముపై వేసి, పైభాగమును తడిచేతితో ఒకమారు తుడిచి, కొంచెము గట్టిపడగానే తిరుగవేయవలెను. రెండు ప్రక్కల గోధుమవన్నె మచ్చలు పడిన పిమ్మట దింపుదురు.

పిండి కలుపునపుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, జీలకర్ర, కరివేపాకు వేయుట వాడుక. గుప్పెడు మునగాకును, నానబెట్టిన పెసరపప్పునుగూడ చేర్పుడని మా సలహా. బియ్యములో కొరతగానున్న పోషకాంశములు కొంతవరకు వానివలన పూడును. రొట్టె చల్లారినకొలది గట్టిపడును. ఉబ్బిన పిండిపదార్థము మరల బిగిసికొనుటయే దానికి కారణము. పొలమునకు కట్టియిచ్చునపుడు వేడి యావిరి కొంచెము పోనిచ్చి, బట్టలో చుట్టి యిచ్చినచో మధ్యాహ్నమువరకు మెత్తగా నుండును.

తెలంగాణమున సర్వపిండి యని, కృష్ణా గుంటూరు ప్రాంతములందు తపాలచెక్క యని పిలుచు రొట్టెలు ఇట్టివే. సర్వపిండికి నానిన సెనగపప్పు, నువ్వులు, వేరుసెనగగింజలు, కారము కలిపి, నూనె రాచిన గిన్నె లోపలనే పలుచగా వత్తి, వ్రేలితో అక్కడక్కడ కన్నములు చేసి, ఆ కన్నములందు నూనె చుక్కలు వేసి, మూతపెట్టి కాల్తురు. పప్పు, నువ్వులు, వేరుసెనగ చేరినందున అది కడుపునకు నిలుచు ఆహారమగుచున్నది.

నూక దిబ్బరొట్టె

పిండి పట్టింపకయే నూకను వాడు మార్గము దిబ్బరొట్టె. ఒక పాలు మినపపప్పునకు రెండు లేక రెండున్నర పాళ్ళు సన్ననూక. పప్పును నాలుగు గంటలు నానబెట్టి కాటుకవలె రుబ్బి, కడిగి నాననిచ్చిన నూకను నీరు పిండి అందు కలిపి, ఉప్పు, జీలకర్ర వేయవలెను. దళసరి మూకుడులో నూనె పోసి, కాగిన తరువాత రెండంగుళముల మందమున పిండి పోసి, మూతపెట్టి, సన్నని సెగపై అడుగు ఎర్రబడువరకు ఉంచి తిరుగవేయుదురు. తొందరపడి మంట పెంచినచో పైన మాడి లోపల పచ్చిగా నుండును. పప్పును బియ్యమును కలిపి తినుటలో గొప్ప ప్రయోజనమున్నది. బియ్యపు మాంసకృత్తులలో తక్కువైనది పప్పులో నున్నది. పప్పులో తక్కువైనది బియ్యములో నున్నది.

తాలికలు, నూలువంటి వంటలు

వినాయకచవితికి పాలతాలికలు చేయని తెలుగిల్లు అరుదు. రొట్టెకు చెప్పిన విధముననే పిండిని ఉడికించి, కొంచెము మెత్తగా పిసికి, అరచేతుల నడుమ సన్నగా దారమువలె తాల్చినను సరియే, జంతికల గొట్టములో పెట్టి వత్తినను సరియే. పాలలో కొంత నీరు కలిపి తెర్లుచుండగా తాలికలను కొంచెము కొంచెముగా వేయవలెను. వేయగానే గరిటె పెట్టరాదు. అవి ఉడికి పైకి తేలిన తరువాతనే మెల్లగా కదుపవలెను. చెంచాడు పిండిని చన్నీటిలో కలిపి పోసినచో పాయసము చిక్కబడును. బెల్లమును వేరుగా కరిగించి, ఇసుక పోవునట్లు వడగట్టి, పాయసము దింపి కొంచెము చల్లారిన పిదప కలుపవలెను. బెల్లములోని పులుపువలన, లవణములవలన మరుగుచున్న పాలు విరుగును. చాలమంది పాలను నిందింతురు, తప్పు తొందరది.

ఇదే పిండిని సన్నని కన్నముల బిళ్ళ పెట్టి ఇడ్డెనపళ్ళెములపై వత్తి, ఆవిరిపై పది నిమిషములు ఉడికించినదే తమిళ మలయాళ దేశములందు ఇడియాప్పము. కన్నడదేశమున ఇట్టి దానిని శావిగె యందురు. సింహళద్వీపమునను ఇది నిత్యాహారము. దీనికి పిండి రొట్టెపిండికంటె మెత్తగా నుండవలెను గనుక సోలెడు పిండికి సోలన్నర వరకు నీరు పట్టును. గొట్టము కదలనంత బిగువుగా నున్నచో నీరు చాలలేదనియు, నూలు తెగుచున్నచో నీరు తెర్లలేదనియు గుర్తు. కొబ్బరిపాలు, బెల్లముతోగాని, కూరతోగాని తినవచ్చును. మిగిలిన దానిని తాలింపు పెట్టి నిమ్మరసము పిండినచో ఉపాహారమగును.

బియ్యపు నూలు మన దక్షిణదేశమునకే పరిమితము కాదు. వియత్నాము, చీనా, సయాము దేశములందు కోట్లకొలది ప్రజలు ఉదయముననే దానిని భుజింతురు. రొట్టెల విషయమునను అంతే. మలబారు ముస్లిములు పత్తిరి యను పలుచని బియ్యపు రొట్టెను చేయుదురు. కేరళలోని సిరియను క్రైస్తవులు పెసహా గురువారమునాడు బియ్యపుపిండి, మినపపప్పు, కొబ్బరి కలిపి పులియకుండ ఆవిరిపై ఉడికించిన అప్పమును ఇంటి పెద్ద చేత విరిపించి పంచుకొందురు. మనము వినాయకునికి కుడుములు పెట్టుదుము. మతములు వేరైనను పిండి ఒక్కటే. అది పండించిన చేయియు రైతుదే.

ఆరోగ్యమునకు సంబంధించిన హెచ్చరికలు

మన ఉత్తర సర్కారు జిల్లాలకు ఒక చేదు చరిత్ర కలదు. మరబియ్యము వ్యాపించిన కాలమున ఇచట బెరిబెరి యను వ్యాధి విస్తారముగ నుండెను. కూనూరులోని పరిశోధనాలయమున మెకారిసను గారును, ఆయన తరువాత అయిక్రాయిడు గారును 1920, 1930 దశకములందు ఈ విషయమును శోధించిరి. దక్షిణమున ఉప్పుడుబియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అరుదుగా నుండి, పచ్చి మరబియ్యము తిను మన తీరమున ఎక్కువగా నుండుట గమనింపబడెను. ధాన్యమును ఉడికించునపుడు తవుడులోని థయమిను అను విటమిను గింజలోనికి చొచ్చును. పచ్చిబియ్యమును తెల్లగా పాలిషు పట్టినపుడు అది తవుడుతో పోవును.

రొట్టెలకు, తాలికలకు మనము వాడునది పచ్చిబియ్యపు నూకయే గనుక ఈ సంగతి మరువరాదు. బియ్యపుపిండి వంటలే పూటపూటకు తినుట మంచిది కాదు. వానిలో పప్పులు, ఆకుకూరలు కలుపవలెను. మూడు పాళ్ళు బియ్యపుపిండికి ఒక పాలు చోడిపిండి కలిపినచో రొట్టె చెడదు, బలమును హెచ్చును. మన విశాఖ మండలమున చోళ్ళు, గంటెలు ఒకప్పుడు బీదల ముఖ్యాహారము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట బియ్యము ప్రతి యింట సులభమైనది; ఆకలి తగ్గినది. చోళ్ళను మాత్రము మరచితిమి. ఇపుడు మధుమేహము గలవారు వానినే వెదకి కొనుచున్నారు.

దంపుడుబియ్యపు పిండి మరింత పోషకమైనది. అయితే అందలి తవుడునూనె త్వరలో కారుకంపు కొట్టును. ఒక వారమునకు సరిపడునంతయే పట్టించుకొనవలెను.

మరియొక హెచ్చరిక. ఉడికించిన పిండిముద్దను, తాలికలను వెచ్చని గదిలో దీర్ఘకాలము ఉంచరాదు. బాసిల్లసు సీరియసు అను సూక్ష్మజీవి బీజములు వంటవేడికి చావక, తడిగా వెచ్చగా నున్న బియ్యపు పదార్థములందు పెరిగి విషమును విడుచును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. వాంతులు, విరేచనములు కలుగును. ఉడికించిన ముద్దను రెండు గంటలలో వాడుకొనుట, లేనిచో శీతలపేటికలో నుంచుట విధి.

చౌకధరల దుకాణపు బియ్యమును గూర్చియు ఒక మాట. 2021 ఆగష్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన పిదప ఇనుము, ఫోలికామ్లము, బి12 విటమిను చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపి పంచుట ఆరంభమై, 2024 మార్చి నాటికి దేశమంతటను వ్యాపించెను. ఆ గింజలు కొంచెము వేరుగా కనబడుటచే ప్లాస్టికు బియ్యమను వదంతి గ్రామములందు పుట్టి, కొందరు వానిని ఏరి పారవేసిరి. అవి ప్లాస్టికు కావు. బియ్యపుపిండిలోనే పోషకములను కలిపి, మనము గొట్టములో తాలికలు వత్తినట్లే యంత్రమున వత్తి, గింజ ఆకారమున కత్తిరించినవి. తాలికల గొట్టమెరిగిన మన స్త్రీలకు ఈ సంగతి చెప్పిన తక్షణమే బోధపడును.

సంఘము చేయదగిన పని, దాని లెక్క

ఆత్రేయపురపు స్త్రీలు బియ్యపు పలుచని పిండినీటిని బోర్లించిన కుండపై బట్టతో పూసి తీయు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించెను. బొంబాయిలో 1959లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పుచేసి అప్పడములు వత్తుట ఆరంభించి, లిజ్జతు అను గొప్ప సంస్థగా పెంచిరి. ఇవి మనకు ధైర్యము కలిగించు నిదర్శనములే. కాని ధైర్యము వేరు, లెక్క వేరు. లెక్క వేయక ఆరంభించిన సంఘములు ఆరు మాసములలో మూతపడుట మేమెరుగుదుము.

ఉదాహరణకు మాత్రమే కొన్ని అంకెలను అనుకొందము. నూక కిలో 25 రూపాయలు, మరకూలి కిలోకు 5 రూపాయలు, అరకిలో సంచి ఒక్కటి 2 రూపాయలు, పిండి అమ్ముడుధర కిలో 60 రూపాయలు అనుకొందము. చెరుగుట, జల్లించుటలలో నూటికి అయిదు తరుగు.

ఇద్దరు స్త్రీలు సగము దినము పనిచేసి 10 కిలోల నూకను పిండి చేసిరి. నూకకు 250, మరకు 50, పందొమ్మిది సంచులకు 38, రవాణాకు 40, ఇద్దరికి తలకు 200 చొప్పున కూలి 400. మొత్తము 778 రూపాయలు. వచ్చిన పిండి తొమ్మిదిన్నర కిలోలు. అమ్మగా వచ్చినది 570. నష్టము 208 రూపాయలు.

అదే యిద్దరు పూర్తి దినము పనిచేసి 50 కిలోలు చేసిరి. నూకకు 1250, మరకు 250, తొంబదియైదు సంచులకు 190, రవాణాకు 60, కూలికి 800. మొత్తము 2550 రూపాయలు. పిండి నలుబదియేడున్నర కిలోలు, అమ్మకము 2850. లాభము 300 రూపాయలు.

ఈ రెండు లెక్కలనుండి నేర్వవలసినది స్పష్టము. చిన్న మొత్తమున చేయుట ఇంటి వాడుకకే గాని అమ్మకమునకు కాదు. పలువురి నూకను ఒక్కచోట చేర్చి, ఒక్కమారు పట్టించి, ఒక్క బండిలో పంపినపుడే ఖర్చు తగ్గును. దీనికే సహకారము కావలెను. ఒంటరి రైతు ఎంత తెలివిగలవాడైనను తన రెండు కుంచముల నూకతో ఈ లెక్కను తిరుగవేయలేడు.

రెండవ పాఠము ఇంతకంటె ముఖ్యము. మొదటి లెక్కలో స్త్రీల కూలిని వ్రాయక విడిచినచో 192 రూపాయలు లాభమని కనబడును. చాల చోట్ల అట్లే వ్రాయుచున్నారు. ఇంటి ఆడువారు ఊరకనే చేయుదురను తలంపుతో వారి శ్రమను లెక్కలోనికి తీసికొనరు. అట్టి లాభము లాభము కాదు. అది వారి చేతినుండి తీసికొన్న కూలి. సంఘపు పుస్తకమున మొదటి పద్దు వారి కూలియై యుండవలెను. అది చెల్లించిన పిదప మిగిలినదే లాభమని పిలువదగును. అట్లు మిగులనిచో ఆ పని సంఘము చేయదగినది కాదు.

పిండికంటె వండిన రొట్టెలు, తాలికలు అమ్ముటలో మిగులుబాటు హెచ్చు. కాని అమ్ముడుపోనిది మరునాటికి పనికిరాదు. కావున మొదట పిండి, పిదప వడియములు, అప్పడములు మొదలగు ఎండు సరకులు, చివరకు వండిన పదార్థములు అను క్రమము క్షేమకరము. సముద్రపు గాలిలో చెమ్మ యెక్కువ గనుక మాఘమునుండి వైశాఖమువరకు ఎండబెట్టి, గాలి చొరని సంచులలో కట్టవలెను.

విక్రయమునకు చోటు లేకపోలేదు. 1999లో ఆరంభమైన రైతుబజారులలో ఒకటి మద్దిలపాలెమునకు చేరువనే ఎం.వి.పి. కాలనీలో నున్నది. రేవు, ఉక్కు కర్మాగారము, విశ్వవిద్యాలయము గల ఈ పట్నమున తెల్లవారుజామునే పనికి పోవువారు లెక్కకు మిక్కిలి. వారికి మంచి పిండి కావలెను. ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్నము ప్రాంతముల గ్రామములనుండి ఉదయము బయలుదేరిన సరకు పొద్దెక్కకముందే అచటికి చేరగలదు. అమ్ముటకు పూర్వము 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనవలెను. సంచిపై బియ్యపు రకము, పట్టించిన తేది, బరువు, సంఘపు పేరు తెలుగున స్పష్టముగా వ్రాయవలెను. పట్టించిన తేది వ్రాయుటకు వెనుదీయని వర్తకుని కొనువారు నమ్ముదురు.

సభ్యులు ఈ కోతకాలమున చేయదగినది ఒక్కటి సూచింతుము. మర పట్టించిన ప్రతి సభ్యుడు తన ధాన్యము ఎంత, బియ్యమెంత, నూకయెంత, నూక ఏ ధరకు పోయినది అను నాలుగు అంకెలను ఒక కాగితముపై వ్రాసి సంఘ కార్యదర్శికి ఇయ్యవలెను. ఇరువది కుటుంబముల కాగితములు చేరినచో ఈ గ్రామమున పిండి పని నిలుచునో నిలువదో వచ్చే సర్వసభ్య సమావేశములోనే తేల్చవచ్చును. ఆ సమావేశమునకు ఇంటి స్త్రీలనుగూడ తోడ్కొని రావలెనని మా ప్రార్థన. నీరు ఎపుడు తెర్లినదో తెలిసినవారు వారే.